వెనక్కి రమ్మనే మనిషి



రసాయనాయుధాల తనిఖీ అనగానే పత్రికల్లో వచ్చే ఫొటో ఒకటుంది. ముఖానికి మాస్కు, ఒంటినిండా రబ్బరు సూటు, నేల మీదికి వంగి మట్టిని సీసాలోకి ఎత్తుతున్న మనిషి. ఆ ఫొటోలో పడని మనిషి ఇంకొకరు అక్కడే ఉంటారు. గాలి వీచే దిక్కు చూసుకుని, విషం తన మీదికి కొట్టని వైపున నిలబడి ఉంటారు. లోపలికి ఎవరు ఎన్నింటికి వెళ్లారు, సిలిండరులో గాలి ఎంత మిగిలింది, మాట ఏమైనా తడబడుతోందా, నడక తూలుతోందా అని కనిపెడుతూ ఉంటారు. తేడా వస్తే పని సగంలో ఉన్నా సరే, వెనక్కి వచ్చేయమంటారు. ఆయన బృందంలోని ఆరోగ్య, భద్రతా నిపుణుడు. కొన్నిసార్లు ఆమె. ఈ పూట ఆ ఉద్యోగం గురించి మీతో మాట్లాడాలనుకుంటున్నాను. నేను రసాయన పరిశ్రమల్లో భద్రత చూసుకునే పనిలో ఉన్నవాణ్ణి. మా వృత్తిలో వాళ్లకు ఈ పని మీద గౌరవం ఎక్కువ. ఎందుకో చెబుతాను.

ముందు సంస్థ సంగతి. రసాయనాయుధాలు తయారు చేయకూడదు, దాచకూడదు, వాడకూడదు, ఉన్నవాటిని నాశనం చేయాలి అన్న ఒప్పందం 1993 జనవరిలో పారిస్‌లో సంతకాలకు వచ్చింది. 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చింది. దాన్ని అమలు చేసే సంస్థ నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉంది. ఓపీసీడబ్ల్యూ అంటారు. 193 దేశాలు అందులో సభ్యులు. 2013లో ఆ సంస్థకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సభ్య దేశాలు మా దగ్గర ఉందని ఒప్పుకున్న విషం మొత్తం 72 వేల టన్నుల పైమాటే. మన దేశం కూడా ఒంటిని బొబ్బలెక్కించే మస్టర్డ్ అనే విషం 1,044 టన్నులు ఉందని ప్రకటించి, 2009 నాటికి పూర్తిగా నాశనం చేసింది. సభ్య దేశాలన్నీ ప్రకటించిన నిల్వల్లో ఆఖరి రాకెట్టు 2023 జులై 7న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, బ్లూ గ్రాస్ ఆయుధ డిపోలో నాశనమైంది. పాతికేళ్లకు పైగా సాగిన ఈ పనిలో తనిఖీదార్లు పగలూ రాత్రీ పక్కనే ఉండి లెక్క సరిచూశారు. వాళ్లు క్షేమంగా ఇంటికి చేరేలా చూసే బాధ్యత ఈ నిపుణులది.

ఒక తనిఖీ బృందంలో రకరకాల వాళ్లుంటారు. విష పదార్థాల తయారీ తెలిసిన కెమికల్ ఇంజనీర్లు, నమూనాలు పరీక్షించే రసాయన శాస్త్రవేత్తలు, బాంబులూ గుండ్లూ తెలిసిన మాజీ సైనికులు. వీళ్లందరి దృష్టీ ఒక్కదాని మీదే ఉంటుంది: ఆధారం దొరకాలి. అది తప్పేమీ కాదు, వాళ్లు వచ్చిందే అందుకు. అయితే ఆధారం కోసం వెతికే మనిషి తన ఒంటి సంగతి మరచిపోతాడు. ఇంకో ఐదు నిమిషాలుంటే పని అయిపోతుందనిపిస్తుంది. ఆ ఐదు నిమిషాలు వద్దని చెప్పడానికి ఆధారంతో సంబంధం లేని మనిషి ఒకడు కావాలి. అందుకే ఈ పనిని విడిగా ఒకరికి అప్పగించారు. నాయకుడు వేరే ఉంటాడు, సంతకం ఆయనదే. కానీ భద్రతా నిపుణుడు వద్దన్న చోటికి మనుషుల్ని పంపే నాయకుడు ఆ వృత్తిలో నిలవడు.

ఈ పని బయల్దేరక ముందే మొదలవుతుంది. వెళ్లే ప్రతి ఒక్కరి గుండె, ఊపిరితిత్తులు, రక్తపోటు చూస్తారు. రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఎంత ఉందో కొలిచి రాసిపెట్టుకుంటారు. నరాల మీద పనిచేసే విషాలు ముందుగా దెబ్బతీసేది దాన్నే. మామూలు రోజున అది ఎంత ఉంటుందో మనిషి మనిషికీ తేడా. ఇంటి దగ్గరి లెక్క చేతిలో లేకపోతే, తిరిగొచ్చాక చేసిన పరీక్షలో వచ్చిన అంకె తగ్గిందో లేదో చెప్పడం కష్టం. ఆ తర్వాత మాస్కు పరీక్ష. ఒక్కొక్కరి ముఖానికి తగిన సైజు చూసి, తొడిగి, అంచుల్లోంచి గాలి దూరుతోందేమో యంత్రంతో చూస్తారు. ఒకరోజు గడ్డం చాలు, రబ్బరు అంచు చర్మానికి అంటుకోదు. ఎంత పెద్ద అధికారైనా గడ్డం గీసుకోవాల్సిందే.

ఇంకొక సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. తనిఖీదార్లకు నిజమైన విషంతోనే శిక్షణ ఇస్తారు. స్లొవేకియాలోని జెమియాన్‌స్కే కోస్తోల్యానీ, సెర్బియాలోని క్రుషెవాత్స్ వంటి చోట్ల అందుకు ప్రత్యేక కేంద్రాలున్నాయి. అక్కడ నరాల విషమైన సారిన్, మస్టర్డ్ అసలు చుక్కలే పెడతారు. సూటులో వెళ్లి వాటిని గుర్తించి, నమూనా తీసి, శుభ్రపడి బయటికి రావాలి. నీళ్లు పోసి ఇది విషమనుకోండి అంటే మనిషి నేర్చుకునేది ఒకటి, ఎదురుగా ఉన్నది చంపేదని తెలిసి నేర్చుకునేది ఇంకొకటి. తన సూటు మీద, తన మాస్కు మీద నమ్మకం కుదరని మనిషికి అసలు చోట చేతులు వణుకుతాయి. వణికే చేతిలోంచి సీసా జారిపోతుంది.

ఇక చోటికి చేరాక. బయటివాళ్లు అనుకునేది, మొదటి భయం విషం గురించేనని. కానేకాదు. పేలేది ఏమైనా ఉందా అన్నది మొదటి ప్రశ్న. కప్పు కూలుతుందా, నేల నిలుస్తుందా అన్నది తర్వాతిది. మూసిన గదిలో ఆక్సిజన్ ఉందా? గాలిలో అది 21 శాతం దాకా ఉంటుంది, 19.5 కన్నా తగ్గితే మామూలు ఫిల్టరు మాస్కుతో లోపలికి పోకూడదు. ఫిల్టరులో ఉండేది మందు పట్టించిన బొగ్గు. అది విషాన్ని పట్టుకుంటుందే గానీ లేని ఆక్సిజన్‌ను ఎక్కణ్ణుంచి తెస్తుంది? అలాంటి చోట వీపున సిలిండరు ఉండాల్సిందే. సిలిండరు అంటే పని సమయం నిమిషాల్లోకి వచ్చేసినట్టే. లోపలికి నడవడానికి, బయటికి నడవడానికి, బయట కడిగించుకోవడానికి అందులోంచే తీసిపెట్టాలి. మిగిలింది పనికి. పావుగంట మిగిలితే ఎక్కువ.

ఇదంతా ఎంత కష్టమో చెప్పడానికి ఇరాక్‌లోని ముథన్నాకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. బాగ్దాద్‌కు వాయవ్యంగా ఎడారిలో సద్దాం ప్రభుత్వం కట్టుకున్న విషాల కర్మాగారం అది. అప్పటికి ఓపీసీడబ్ల్యూ పుట్టలేదు. 1991 గల్ఫ్ యుద్ధం ముగిశాక ఐక్యరాజ్యసమితి అన్‌స్కామ్ అనే కమిషన్‌ను వేసింది. 1992 నుంచి 1994 దాకా పలు దేశాల నిపుణులు ముథన్నాలో ఉండి ఆ విషాన్ని నాశనం చేశారు. 28 వేలకు పైగా ఆయుధాలు, 4 లక్షల 80 వేల లీటర్ల విషం. మస్టర్డ్‌ను కొలిమిలో కాల్చారు, నరాల విషాలను నీళ్లు, క్షారం కలిపి విరగ్గొట్టారు. వేసవిలో అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. చుట్టూ బాంబు దెబ్బలు తిన్న కట్టడాలు, కారుతున్న రాకెట్లు. కొన్ని రాకెట్లలో విషమూ ఉంది, పేలుడు మందూ ఉంది. ఒకదానికి పనికొచ్చే జాగ్రత్త రెండోదానికి చాలదు. పేలుడుకు భయపడి దూరంగా ఉండాలా, విషం కారకుండా దగ్గరికెళ్లి ఆపాలా? ప్రతి రాకెట్టు దగ్గరా ఈ ప్రశ్న కొత్తగా తేల్చుకోవాల్సిందే.

ఆ ముథన్నాలోనే 13వ నంబరు బంకరు ఉంది. యుద్ధంలో బాంబు దాని కప్పును చీల్చుకుని లోపల పడింది. లోపల సారిన్ నింపిన 122 మిల్లీమీటర్ల రాకెట్లు సుమారు రెండున్నర వేలు. కొన్ని పగిలాయి, కొన్ని కాలాయి, కొన్ని నిండుగా ఉన్నాయి. ఏవి ఎలా ఉన్నాయో చూడాలంటే ఆ కూలబోయే కప్పు కింద, ఆ రాకెట్ల మధ్య నడవాలి. లెక్క పూర్తి చేయాలంటే వెళ్లాలి. తనిఖీ అంటేనే లెక్క కదా! అయినా వెళ్లలేదు. ఒక్కో రాకెట్టునూ తీసి నాశనం చేయడం మనుషుల ప్రాణాలకు పెద్ద ముప్పని తేల్చారు. దారులన్నీ ఇటుకతో, కాంక్రీటుతో మూసేశారు. 2009లో ఇరాక్ ఒప్పందంలో చేరినప్పుడు ముథన్నాలోని బంకర్లను తన అవశేషాలుగా ప్రకటించింది. 2014లో ఐసిస్ మూకలు ఆ ప్రాంతాన్ని పట్టుకుంటే ప్రపంచమంతా ఉలిక్కిపడింది. చివరికి వాటిని మళ్లీ గట్టిగా మూసి, 2018లో ఆ అధ్యాయం పూర్తయిందని ఓపీసీడబ్ల్యూ ప్రకటించింది.

ఆ నిర్ణయాన్ని తప్పుపట్టేవాళ్లు ఉంటారు. లెక్క అసంపూర్ణంగా వదిలేశారు, తర్వాత ఇరవై ఏళ్లు అందరినీ భయపెట్టే గుట్టొకటి మిగిల్చారు అంటారు. నేను ఒప్పుకోను. మూసిన బంకరు ఉన్నచోట ఉంటుంది, కాపలా పెట్టొచ్చు, పదేళ్ల తర్వాతైనా మంచి పరికరాలతో మళ్లీ రావచ్చు. కప్పు కింద చచ్చిపోయిన మనిషిని వెనక్కి తీసుకురాలేం. ఆ రోజు ఆ గడప దగ్గర ఆగినవాళ్లకు ధైర్యం తక్కువ కాదు. ఆగాలని చెప్పడానికి కావలసిన ధైర్యం లోపలికి దూకే ధైర్యం కన్నా పెద్దది.

అదే ఇరాక్‌లో, ఆగి అడిగే మనిషి లేకపోతే ఏమైందో కూడా చూద్దాం. 1991 మార్చిలో అమెరికా సైనికులు దక్షిణ ఇరాక్‌లోని ఖమిసియా ఆయుధ గోదామును పేల్చేశారు. అక్కడి రాకెట్లలో సారిన్ ఉన్న సంగతి పేల్చినవాళ్లకు తెలియదు. అదే ఏడాది చివర్లో ఐక్యరాజ్యసమితి తనిఖీదార్లు ఆ చోటు చూశారు. అమెరికా రక్షణ శాఖ ఈ సంగతి 1996లో బహిరంగంగా ఒప్పుకుంది. మీరు స్వల్పంగా ఆ విషానికి గురై ఉండవచ్చంటూ దాదాపు లక్ష మంది సైనికులకు ఉత్తరాలు వెళ్లాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చి అంతుబట్టని జబ్బులతో బాధపడుతున్నవాళ్లు ఎందరో ఆ ఉత్తరం అందుకున్నారు. పేల్చే ముందు ఆ రాకెట్లలో ఏముందో ఆగి తేల్చుకుని ఉంటే ఆ ఉత్తరాల అవసరం ఉండేది కాదేమో.

ఎదురుగా ఉన్నది ఏమిటో తేల్చుకోవడానికి వాడే వాటిలో ఒకటి డిటెక్టరు కాగితం, అదేమిటో చెబుతాను. చెక్కుపుస్తకం అంత ఉంటుంది. ఒక ఆకు చింపి, తడిగా కనిపించిన చోట ఆనిస్తారు. మస్టర్డ్ అయితే ఎర్రబడుతుంది. సారిన్ జాతి విషమైతే పసుపుపచ్చ. వీఎక్స్ అనే ఇంకో నరాల విషమైతే ముదురాకుపచ్చ. ఖరీదైన యంత్రాలున్న ఈ రోజుల్లో కూడా అందరి జేబులో అది ఉంటుంది. కానీ ఆ కాగితం అబద్ధం కూడా ఆడుతుంది. కొన్ని నూనెలు, ద్రావకాలు తగిలినా రంగు మారుతుంది. అందుకని ఇంకో పద్ధతిలో పనిచేసే యంత్రంతో సరిచూస్తారు. రెండూ ఒకే మాట చెబితేనే నమ్ముతారు. రెండూ ఏమీ లేదన్నా చలికాలపు ఉదయం నిపుణుడు నమ్మడు. మస్టర్డ్ 14 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గడ్డకట్టినది ఆవిరి చాలా తక్కువ ఇస్తుంది, యంత్రానికి అందకపోవచ్చు. బూటుకు అంటుకుని వెచ్చని గుడారంలోకి వచ్చాక కరగడం మొదలుపెడుతుంది. ఆ పాటికి అందరూ మాస్కులు తీసేసి ఉంటారు.

మోతాదు సంగతి కూడా ఒక్క మాట. సారిన్‌తో రోజుకు 8 గంటలు పనిచేసే మనిషికి అమెరికాలో పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలిలో 0.00003 మిల్లీగ్రాములు. ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉందంటే వెంటనే ప్రాణాపాయం కిందే లెక్క. మనిషి కంటికి, ముక్కుకు అందే కొలతలు కావివి. సారిన్‌కు రంగు లేదు, వాసన లేదు.

విషం కన్నా తరచుగా తనిఖీదార్లను పడగొట్టేది ఎండ. రబ్బరు సూటులో పట్టిన చెమట ఆరదు, అందుకని ఒళ్లు చల్లబడదు. మనిషి తనలోని వేడికే ఉడికిపోతాడు. మొదట చిరాకు, ఆ తర్వాత తలనొప్పి, ఆ తర్వాత చెప్పిన మాట అర్థం కాకపోవడం. చెప్పిన మాట అర్థం కానివాడు విషం పక్కన ఉన్నాడంటే ఎంత ప్రమాదమో ఊహించండి. అందుకని లోపలికి పోయే ముందు బరువు తూస్తారు, వచ్చాక తూస్తారు. తగ్గినదంతా చెమటే. నాడి కొట్టుకునే వేగం చూస్తారు. మంచి ఎండలో ఇరవై నిమిషాల పనికి అంతకు మించిన విశ్రాంతి ఇస్తారు. ఇద్దరిద్దరినే పంపుతారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. ఇంకో ఇద్దరు సూటు వేసుకుని బయట సిద్ధంగా కూర్చుంటారు, లోపలివాళ్లు పడితే ఎత్తుకురావడానికి. ఎండలో ఏ పనీ లేకుండా సూటులో కూర్చోవడం ఎంత నరకమో కూర్చున్నవాళ్లకే తెలుసు. వాళ్లు లేకుండా లోపలికి ఎవరినీ పోనివ్వరు.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసింది బయటికి వచ్చేటప్పుడు. పని అయిపోయింది, ఒళ్లు అలసిపోయింది, మాస్కు పీకేసి ఒక్క గుక్క మంచి గాలి పీల్చుకోవాలని ప్రాణం కొట్టుకుపోతుంది. తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. ముందు బూట్లు బ్లీచింగ్ ద్రావణం పోసిన తొట్టెలో పెట్టాలి. చేతి తొడుగులు కడగాలి. సూటును సహాయకుడు భుజాల దగ్గర్నుంచి లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ కిందికి దింపుతాడు, బయటి వైపు ఒంటికి ఎక్కడా తగలకూడదు. ప్రతి తొడుగు మార్చేటప్పుడు చేతులు కడగాలి. బూట్లలోంచి, శుభ్రమైన వైపును విడదీసే గీత అవతలికి అడుగు వేయాలి, వేసిన అడుగు మళ్లీ వెనక్కి పెట్టకూడదు. మాస్కు ఆఖరున. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, గడ్డం దగ్గర పట్టుకుని తల మీదుగా వెనక్కి తీయాలి. ఇంతా చేస్తే ఒక్కరు బయటపడటానికి పావుగంట పడుతుంది. సూటు మీద, చర్మం మీద పడ్డ చుక్కను పీల్చడానికి కొన్ని సైన్యాలు వాడే పొడి ఏమిటో తెలుసా? మన ఆడపిల్లలు ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి జాతిదే.

బట్టలు విప్పడానికి ఇంత తతంగమా అనుకునేవాళ్లకు బారి రేవు కథ చెప్పాలి. 1943 డిసెంబరు 2న ఇటలీలోని బారి రేవు మీద జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. అక్కడున్న అమెరికా ఓడ జాన్ హార్వేలో రహస్యంగా తెచ్చిన మస్టర్డ్ బాంబులున్నాయి. ఓడ పేలి, మస్టర్డ్ సముద్రం మీది నూనెతో కలిసింది. ఈదుకుంటూ ఒడ్డుకు చేరిన నావికులను ఆసుపత్రులకు తీసుకెళ్లి, తడి బట్టలతోనే దుప్పట్లు కప్పి పడుకోబెట్టారు. ఏ విషమో డాక్టర్లకు ఎవరూ చెప్పలేదు. మస్టర్డ్ తగిలిన క్షణంలో నొప్పి పుట్టదు. గంటల తర్వాత కళ్లు వాస్తాయి, ఒళ్లంతా బొబ్బలెక్కుతుంది. 600 మందికి పైగా దాని బారిన పడ్డారు, 80 మందికి పైగా చనిపోయారు. స్టూవర్ట్ అలెగ్జాండర్ అనే సైనిక వైద్యుడు వచ్చి కారణం కనిపెట్టాడు. తొలి గంటలోనే బట్టలు విప్పి, సబ్బుతో కడిగి ఉంటే చాలామంది బతికేవారు. తనిఖీదారు నాకేం కాలేదు, బాగానే ఉన్నాను అన్నా నిపుణుడు ఒప్పుకోకుండా గంటల తరబడి గమనించేది ఇందుకే. 1995లో టోక్యో రైళ్లలో సారిన్ వదిలినప్పుడు కూడా అంతే, బాధితుల బట్టల్లోంచి వచ్చిన ఆవిరికి ఆసుపత్రి సిబ్బందే వంద మందికి పైగా ఇబ్బంది పడ్డారు.

అన్నీ చేసినా విషం సోకితే? ప్రతి ఒక్కరి దగ్గరా ఒక ఇంజెక్షను ఉంటుంది. బట్ట మీదనుంచే తొడకు గట్టిగా నొక్కితే సూది తనంతట తానే దిగుతుంది. అందులో అట్రోపిన్. ఈ మందు పేరు వింటే మన గుంటూరు, వరంగల్ పెద్దాసుపత్రుల్లో క్యాజువాల్టీలో పనిచేసిన ఏ డాక్టరైనా, ఏ నర్సైనా తలూపుతారు. పురుగుమందు కేసు రాగానే వాళ్లు అందుకునేది దాన్నే. సూదిమొనంత కుచించుకుపోయిన కనుపాప, నోట నురగ, ఒళ్లంతా చెమట, కండరాల వణుకు, ఊపిరితిత్తుల్లో నీరు. సారిన్ సోకిన మనిషికీ, మోనోక్రోటోఫాస్ ఒంట్లోకి పోయిన పత్తి రైతుకూ కనబడే గుర్తులు ఇవే. ఇందులో వింతేమీ లేదు, రెండూ ఒకే కుటుంబం. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే శాస్త్రవేత్త పంటల పురుగులకు మందు వెతుకుతుంటే దొరికిందే టాబున్, అలాంటి ఆయుధ విషాల్లో మొదటిది. చుక్క బల్ల మీద ఒలికితే ఆయనకే చూపు మసకబారింది, ఊపిరాడలేదు. దాని వెంటే సారిన్. వీఎక్స్ కూడా బ్రిటన్‌లో పురుగుమందుల పరిశోధనలోంచే వచ్చింది. అట్రోపిన్ ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. కనుపాప పెద్దదయిందని ఆపకూడదు, ఊపిరితిత్తుల్లో చెమ్మ ఆరేదాకా ఇవ్వాలి. యుద్ధభూమిలో సారిన్ కేసును ఒక్కసారి కూడా చూడకపోయినా, ఈ విద్య చేతులారా తెలిసిన వైద్యులు ప్రపంచంలో ఎక్కడైనా ఉన్నారంటే మన పత్తి జిల్లాల్లో ఉన్నారు. ఆ అనుభవం వాళ్లకు ఎంత దుఃఖంతో వచ్చిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇరాక్‌లో ఆగిన కథ విన్నారు. ఇప్పుడు ముందుకు వెళ్లిన కథ, సిరియాది. 2013 ఆగస్టు 21 తెల్లవారుజామున డమాస్కస్ పక్కన గూతా ప్రాంతంలో సారిన్ రాకెట్లు పడ్డాయి. వందల మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలెందరో. అప్పటికే ఐక్యరాజ్యసమితి బృందం డమాస్కస్ హోటల్లో ఉంది. స్వీడన్ శాస్త్రవేత్త ఓకే సెల్‌స్ట్రోమ్ నాయకుడు. ఓపీసీడబ్ల్యూ నిపుణులూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్యులూ అందులో ఉన్నారు. సారిన్ నిలవదు, రోజులు గడిచేకొద్దీ విరిగిపోతుంది. ఆలస్యమైతే ఆధారం పోతుంది. తొందరపడితే మనుషులు పోతారు. ఇరుపక్షాలూ రోజుకు కొన్ని గంటలు కాల్పులు ఆపుతామన్నాయి. ఆగస్టు 26న బయల్దేరారు. దారిలో పొంచి ఉన్నవాళ్లు ముందు కారు మీద కాల్పులు జరిపారు, కారు కదల్లేకుండా పోయింది. బృందం వెనక్కి వచ్చింది. కారు మార్చుకుంది. అదే రోజు మళ్లీ వెళ్లింది.

ఆ మధ్యలో గడిచిన సమయం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. కారులో ఉన్నవాళ్లు బాగున్నారా, ఇంకొక కారు ఉందా, కాల్పుల విరామం ఇంకా ఎంతసేపు, చీకటి పడేలోగా రాగలమా. ఇవన్నీ తూచి, వెళ్లొచ్చని ఎవరో అన్నారు. ముథన్నాలో వద్దన్న విద్యే ఇక్కడ వెళ్దామంది. లోపల పేలని గుండ్లుంటాయి, కూలిన మిద్దెలుంటాయి, గంటల్లోనే ముగించాలి. బతికినవాళ్లతో మాట్లాడారు, వాళ్ల రక్తం, మూత్రం, జుట్టు తీసుకున్నారు, రాకెట్టు ముక్కలు కొలిచారు, మట్టి ఎత్తారు. అలా వెళ్లి అందరూ తిరిగొచ్చారు. సెప్టెంబరు 16న నివేదిక వచ్చింది. సారిన్ వాడారని నిస్సందేహంగా తేలింది. నెల తిరక్కముందే సిరియా ఒప్పందంలో చేరింది. దాదాపు 1,300 టన్నుల విషం దేశం దాటింది. అందులో భూమి మీద ఏ దేశమూ చేర్చుకోనన్న ఆరు వందల టన్నులను 2014లో కేప్ రే అనే అమెరికా ఓడ మీద, నడి సముద్రంలో నాశనం చేశారు.  అదే 2014 మేలో క్లోరిన్ దాడుల గురించి వెళ్లిన ఇంకో బృందం దారిలో మందుపాతర పేలుడుకూ, కాల్పులకూ గురై, కొంతసేపు సాయుధుల చేతుల్లో చిక్కి, ప్రాణాలతో బయటపడింది. ఆ రోజు పని జరగలేదు. జరగకపోవడమే మంచిదయింది.

ఆయుధాల నిల్వలు ముగిశాయి కాబట్టి ఇక ఈ ఉద్యోగం ఉండదేమో అనుకోవద్దు. ఓపీసీడబ్ల్యూ తనిఖీదార్లు మామూలు ఫ్యాక్టరీలకు కూడా వస్తారు. మన మందుల కంపెనీలు వాడే థయోనిల్ క్లోరైడ్, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ ఆయుధ తయారీకి కూడా పనికొచ్చేవే. కాబట్టి అవి ఒప్పందం జాబితాలో ఉన్నాయి. మన హైదరాబాదులో ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థలోని ప్రయోగశాల కూడా ఆ సంస్థ గుర్తింపు పొందిన ప్రయోగశాలల జాబితాలోకి ఎక్కింది. అలా ఫ్యాక్టరీకి వచ్చిన తనిఖీదార్లు ఆ ఫ్యాక్టరీ భద్రతా నియమాలను పాటించి తీరాలని ఒప్పందంలోనే రాసి ఉంది. ప్రపంచ సంస్థ అధికారి అయినా గేటు దగ్గర ఇచ్చిన హెల్మెట్ పెట్టుకోవాలి, పోవద్దన్న చోటికి పోకూడదు, వాల్వు తానుగా తిప్పకూడదు. ఆ పని అక్కడివాళ్లను అడిగి చేయించాలి.

ఈ కబుర్లన్నీ చెప్పడంలో నాకొక స్వార్థం ఉంది. సారిన్ ఉన్న చోటికి పోయే బృందంలోనే వద్దనే మనిషికి అంత విలువ ఇస్తే, మన పరిశ్రమల్లో ఎందుకివ్వరు? మన దగ్గర సేఫ్టీ ఆఫీసరు వద్దన్న పని ప్రొడక్షన్ మేనేజరు కావాలంటే జరిగిపోతుంది. రియాక్టరు కడగడానికి ఒకడు దిగి పడిపోతాడు, వాణ్ణి తేవడానికి రెండోవాడు మాస్కు లేకుండా దిగుతాడు, ఆ వెనుక మూడోవాడు. ట్యాంకు మూత తీసి గాలి కొలవడానికి రెండు నిమిషాలు చాలు. భోపాల్ విషవాయువు దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆ మాట యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కు కార్మికుడికే ఇచ్చారు. ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోయింది. ఈ ప్రసంగం వింటున్న యజమానులకూ, మేనేజర్లకూ నా మనవి ఒక్కటే. మీ ఫ్యాక్టరీలో పని ఆపేయమనే అధికారం ఒక మనిషికి ఇవ్వండి. ఆపినందుకు ఆయన్ను నిలదీయకండి. వింటున్న కార్మిక సోదరులారా, గాలి కొలవని గుంతలోకి, ట్యాంకులోకి ఎవరు చెప్పినా దిగకండి. ముందు దిగినవాడు పడిపోతే వాడి వెనుక దూకకండి. అరవండి, మనుషుల్ని పిలవండి, ఫైర్ స్టేషనుకు 101కి ఫోను చేయండి.